నాన్న అప్పీలు వెనక్కి తీసుకుంటే లాభమా, నష్టమా?

గుంటూరు_అబ్బాయి:
నాన్న 2022లో ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. బీపీ వల్ల 30 శాతం వైకల్యం అని మెడికల్ బోర్డే రాసింది. కింద మాత్రం ‘పీస్ స్టేషన్‌లో (సరిహద్దు, యుద్ధ వాతావరణం లేని చోట) మొదలైంది, సర్వీసుకు సంబంధం లేదు’ అని ఒక్క ముక్క. దాంతో డిజేబిలిటీ పెన్షన్ రాలేదు. ఆర్మీకే మొదటి అప్పీలు వేసి పది నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. తెలిసినాయన ‘అది విత్‌డ్రా చేసుకుని చెన్నైలో సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లండి’ అని లెటర్ కూడా టైపు చేసిచ్చారు. సంతకం పెట్టమంటారా?

మాజీ_సుబేదార్:
వద్దు బాబూ. అప్పీలు వేసిన ఆరు నెలల్లో జవాబు రాకపోతే, అది అలా ఉండగానే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. 2007 నాటి సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది. ఇక విత్‌డ్రా ఎందుకు? రేపు ‘మీరే వదులుకున్నారుగా’ అంటే ఏం చెప్తారు?

కడప_లాయర్:
సుబేదార్ గారూ, సగం ఒప్పుకుంటాను. రెండుచోట్లా ఒకే వివాదం నడిస్తే అవతలి వకీలు ‘ముందు అక్కడ తేలనివ్వండి’ అని వాయిదా అడుగుతాడు. విత్‌డ్రా చేస్తే ఆ సాకు ఉండదు.

మాజీ_సుబేదార్:
వాయిదా భరించొచ్చండీ. వదులుకున్నట్టు రాసిచ్చిన కాగితాన్ని ఎలా భరిస్తాం?

కడప_లాయర్:
సరే, అది నిజమే. కేసు మాత్రం గట్టిదే. చేరేటప్పుడు రికార్డులో జబ్బు లేకపోతే సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది వాళ్లే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 రామ్ అవతార్ తీర్పు ప్రకారం 30 శాతాన్ని 50గా లెక్కకట్టాలి. కానీ ఆలస్యం చేయకండి. తర్సేమ్ సింగ్ అనే సైనికుడు వైకల్యంతో 1983లో ఇంటికొచ్చి, పెన్షన్ కోసం 1999లో కోర్టుకెళ్లారు. కేసు వేయడానికి ముందు మూడేళ్ల బకాయిలే ఇచ్చారు, మిగతా ఏళ్లవి పోయాయి. మీకూ రిటైరై మూడేళ్లు దాటాక నెల గడిచేకొద్దీ ఒక నెల బకాయి పోతుంది.

గుంటూరు_అబ్బాయి:
సంతకం ఆపేశాం. వచ్చే వారం చెన్నై వెళ్తున్నాం. ఆ లెటర్‌ని నాన్న బీపీ మాత్రల డబ్బా కింద పెట్టారు.