బాస్ట్రాప్ కౌంటీలో పదెకరాలు: ఆపదలో సొంతంగా బతకడానికి పనికొస్తాయా?

పదెకరాల_కల: మా ఇద్దరివీ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉద్యోగాలు. తూర్పున ముప్పై మైళ్ల దూరంలోని బాస్ట్రాప్ కౌంటీలో పదెకరాలు చూశాం. బోరు వేసుకుని, సోలార్ పెట్టుకుని, కూరగాయలు, కోళ్లు పెంచుకుందామని ఉంది. ఏ విపత్తు వచ్చినా రెండు వారాలు ఎవరి మీదా ఆధారపడకుండా గడవాలి. కొనమంటారా?

అడవి_అంచు: నేనైతే వద్దంటాను. 2011 సెప్టెంబర్ 4న గాలికి చెట్లు కరెంటు తీగల మీద పడి మంటలు రేగాయి. 1,600కు పైగా ఇళ్లు కాలిపోయాయి, ఇద్దరు చనిపోయారు. 2015లో మళ్లీ కార్చిచ్చు వచ్చింది. పైన్ చెట్ల మధ్య, ఒకటే దారి ఉన్న స్థలంలో ఎన్ని సరుకులు దాచుకుంటే ఏం లాభం? అన్నీ వదిలేసి పరుగెత్తాల్సిందే.

నీటి_లెక్క: అడవి_అంచు గారి భయం న్యాయమైనదే. కానీ కౌంటీ అంతా పైన్ అడవి కాదండి. కొలరాడో నది పక్కన పొలాలు, పచ్చిక బయళ్లు కూడా ఉన్నాయి. అక్కడైనా ఇంటి చుట్టూ ముప్పై అడుగులు ఎండుగడ్డి లేకుండా చూసుకోవాలి, పైకప్పు రేకుదైతే మంచిది.

నా దృష్టిలో అసలు పరీక్ష నీళ్లు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. రాష్ట్ర కరెంటు గ్రిడ్ మిగతా దేశం నుంచి చాలావరకు విడిగా ఉండటంతో బయటి నుంచి తెచ్చుకోగలిగిన కరెంటు కూడా తక్కువే. బోరు నిండా నీళ్లున్నా మోటారు తిరగదు, బయటి పైపులు గడ్డకట్టి పగులుతాయి. సోలార్ పెట్టినా, బ్యాటరీ మోటారు మొదలయ్యేటప్పటి లోడ్‌ను తట్టుకోవాలి. అందుకే వాన నీటి ట్యాంకు తప్పనిసరి అంటాను. 2,000 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 1,200 గ్యాలన్లు వస్తాయి. వాన నీరు పట్టే సామాన్లకు టెక్సస్‌లో సేల్స్ టాక్స్ కూడా లేదు.

గోంగూర_మడి: తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు వారాల బియ్యం, పప్పు అపార్ట్‌మెంట్‌లోనూ దాచుకోవచ్చు, దానికి పదెకరాలు అక్కర్లేదు. పండించుకుని బతకడం వేరే పని. జులై, ఆగస్టు ఎండలకు టమాటా కాపు ఆగిపోతుంది. బెండ, గోంగూర నిలబడతాయి. ఇద్దరూ రోజూ 71 హైవే మీద ఆస్టిన్‌కు వెళ్లొస్తుంటే మడికి నీళ్లు ఎవరు పెడతారు? పగలు నిప్పు అంటుకుంటే కోళ్లను ఎవరు విప్పుతారు? ఒకరైనా ఇంటి పట్టున ఉండేదాకా ఆగమంటాను.

నీటి_లెక్క: ఆగాల్సిన పని లేదు, పక్కవాళ్లతో పొత్తు కుదిరితే చాలు. పల్లెల్లో వలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఉంటాయి, చేరితే నెలలోనే నలుగురూ తెలుస్తారు.

పదెకరాల_కల: మేం చూసిన స్థలానికి ఒకటే దారి, వెనకంతా పైన్ చెట్లే. దాన్ని వదిలేస్తున్నాం. నది వైపు ఇంకొకటి ఉంది. టెక్సస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు సైట్‌లో చుట్టుపక్కల బోర్ల డ్రిల్లర్ రిపోర్టులు, దాంతోపాటు వరద మ్యాపు తీసి ఇక్కడ పెడతాను. లోతు చూసి చెప్పండి.