దావీదు జనసంఖ్య అధ్యాయానికి ఏం జవాబు చెప్పాలి?

ఒంగోలులో ఈ ఆదివారం బైబిలు మీద వాదన ఉందండి. చిక్కంతా 2 సమూయేలు 24 దగ్గరే.

జనాన్ని లెక్క వేయించమని దావీదు రాజును ప్రేరేపించింది యెహోవా అని అక్కడ, సాతాను అని 1 దినవృత్తాంతములు 21లో. దేవుడు అనుమతించాడంతే అందామా? రెండుచోట్లా హెబ్రీ క్రియ ఒకటే! ఇశ్రాయేలు యోధులు 8 లక్షలా, 11 లక్షలా? ఆ లెక్కకు శిక్షగా దావీదు ముందుంచిన వాటిలో కరువు 7 ఏళ్లా, 3 ఏళ్లా? అంకెలంటారా, నకలు రాసినవాళ్ల పొరపాటని సర్దుకోవచ్చు. గ్రీకు అనువాదంలో రెండుచోట్లా 3 ఏళ్లే.

నీతి మాటే మింగుడుపడదు. లెక్క వేయించింది రాజు, దానికి శిక్షగా దేవుడు పంపిన తెగులుకు పోయింది 70,000 మంది. ఈ గొర్రెలేం చేశాయని 17వ వచనంలో దావీదే అడిగాడు. నిర్గమకాండము 30:12 ప్రకారం జనాన్ని లెక్కించినప్పుడు ఒక్కొక్కరూ ఇవ్వాల్సిన పరిహార ధనం కట్టలేదు గనక తెగులు వచ్చిందంటారు కొందరు; ఆ ఊసు ఈ అధ్యాయంలో లేదు. కోపం ఇశ్రాయేలు మీదని 1వ వచనం అంటుంది, కారణం చెప్పదు.

దేవుని మార్గాలు మనకందవు అనే జవాబు వద్దు. వచనం చూపించి ఇంతకన్నా గట్టిగా చెప్పగలవారున్నారా?