అప్‌డేట్: అక్క విడాకులు, పాప కస్టడీ

మాది కావలి. అక్క నాలుగేళ్ల పాపతో చాలాకాలంగా మా ఇంట్లోనే ఉంటోంది, బావ హైదరాబాద్‌లో. పెద్దమనుషులు స్టాంపు పేపర్ మీద రాయించే విడాకులు చెల్లుతాయా, పాపను ఆయన తీసుకెళ్లిపోతారా అని అప్పుడు అడిగాను.

నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. దయచేసి ఈ మాట నలుగురికీ చెప్పండి.

స్టాంపు పేపర్ చాలదట. హిందూ వివాహ చట్టం ప్రకారం కోర్టు డిక్రీ (విడాకులిస్తూ ఇచ్చే తీర్పు పత్రం) ఉండాల్సిందే, అలా విడాకులిచ్చే కులాచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప. ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లే చెల్లదు. మా వైపు ఇంకా ఇలా రాయించుకుంటున్న ఆడపిల్లల్ని తలుచుకుంటే భయమేస్తోంది.

కేసుకి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఆ చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత భార్య తానుంటున్న చోటే వేయొచ్చు. బావ కూడా ఒప్పుకున్నారు కాబట్టి పరస్పర అంగీకారంతో, అదే చట్టంలోని సెక్షన్ 13బి కింద వేస్తున్నాం. దానికి కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగాలి గానీ, 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం తగిన కారణాలుంటే కోర్టు ఆ గడువు మాఫీ చేయొచ్చు.

ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షణ చట్టం చెబుతోంది. అయినా కోర్టు చివరికి చూసేది పాప క్షేమమే. అందుకే బావ పాపను ఎప్పుడెప్పుడు చూడొచ్చో పిటిషన్‌లోనే స్పష్టంగా రాయిస్తున్నాం. నాన్నను పాపకు దూరం చేయడం అక్కకూ ఇష్టం లేదు.

పాప ఖర్చుల మొత్తం ఇంకా తేలలేదు. ఏటా పెరిగేలా ఎవరైనా రాయించుకుని ఉంటే, ఎలా రాయించారో చెప్పండి.