డేట్ దాటి ఐదు రోజులు, ఇప్పుడు బ్రౌన్ స్పాటింగ్.. ప్రెగ్నెన్సీ అయ్యుండొచ్చా?

మియాపూర్ అమ్మాయి:
హాయ్ అక్కలూ, పెళ్ళయి రెండేళ్ళు. నా సైకిల్ ఎప్పుడూ 29, 30 రోజులే. ఈసారి డేట్ దాటి ఐదు రోజులైంది. రెండో రోజే ఆగలేక టెస్ట్ చేశా, ఆఫీస్ నుంచి వచ్చాక సాయంత్రం, ఒక్క గీతే వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచి వాష్‌రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా డికాక్షన్ రంగులో కొంచెం మరక, ప్యాడ్ మీద రూపాయి బిళ్ళంత కూడా లేదు. నడుము కొంచెం లాగుతోంది అంతే. నెట్‌లో ఒకళ్ళు ఇంప్లాంటేషన్ అంటారు ఇంకొకళ్ళు అబార్షన్ అంటారు, రాత్రంతా నిద్ర లేదు. అత్తమ్మేమో నువ్వులు బెల్లం తిను అదే వచ్చేస్తుంది అంటున్నారు. పోయిన నెల మధ్యలో వైరల్ ఫీవర్ వచ్చి నాలుగు రోజులు పడుకున్నా, అదేమైనా కారణమా? ప్లీజ్ ఎవరైనా చెప్పండి.

ల్యాబ్ అక్క:
చెల్లీ, ముందు ఆ సాయంత్రం టెస్ట్‌ని లెక్కలోంచి తీసెయ్. నేను ల్యాబ్‌లోనే పనిచేస్తా. రోజంతా నీళ్ళు తాగాక యూరిన్ పల్చబడిపోతుంది, ప్రెగ్నెన్సీ హార్మోన్ హెచ్‌సీజీ ఉన్నా గీత పడకపోవచ్చు. ఇంకోటి, జ్వరం వస్తే ఎగ్ రిలీజ్ వెనక్కి జరగొచ్చు, అది జరిగితే డేట్ కూడా జరుగుతుంది, అంటే నువ్వు ఐదు రోజులు లేట్ అనుకుంటున్నావు గానీ లోపలి లెక్కలో అసలు లేటే కాకపోవచ్చు. ఎగ్ రిలీజ్ అయ్యాక 6 నుంచి 12 రోజుల్లో పిండం గర్భసంచికి అంటుకుంటుంది, ఇంప్లాంటేషన్ అంటే అదే, కొందరికి అప్పుడు ఒకటి రెండు రోజులు లేత గులాబీయో బ్రౌనో కనబడుతుంది, గడ్డలు ఉండవు. కానీ పీరియడ్ మొదలయ్యే ముందు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, థైరాయిడ్, పీసీఓడీ ఉన్నా, ఐపిల్ వేసుకున్నా ఇలాగే. రంగు చూసి ఇదీ అని చెప్పడం ఎవరివల్లా కాదమ్మా.

రేపు లేవగానే మొదటి యూరిన్‌తో చెయ్. కిట్ మీద ఎన్ని చుక్కలని రాసుందో అన్నే వెయ్యి, ఐదు నిమిషాలకి చూసి పక్కన పెట్టెయ్, గంట తర్వాత మళ్ళీ తీసి చూస్తే కనిపించే బూడిదరంగు గీతని నమ్మొద్దు. టైమ్‌లో వచ్చిన గులాబీ గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. నెగటివ్ వస్తే రెండు మూడు రోజులాగి మళ్ళీ చెయ్, లేదా బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. కిట్ కొనలేని వాళ్ళు ఎవరైనా చదువుతుంటే, ఆశా వర్కర్ల దగ్గర నిశ్చయ్ కిట్ ఫ్రీగా ఇస్తారు, అడగండి.

ఉప్పల్ నుంచి:
నీ పోస్ట్ చదువుతుంటే నా కథే యాదికొచ్చింది బిడ్డా. 2019ల నాకు గిట్లనే బ్రౌన్ మరకలు, పీరియడే అనుకున్న. మెడికల్ షాపుల అడిగితే టెస్ట్ చేసుకున్నవా అని కూడా అడగకుండ గోలీలు ఇచ్చిండు. నాలుగు దినాలకు కుడిదిక్కు పొత్తికడుపుల ఒకటే నొప్పి, భుజం గుంజుడు, పొయ్యి మీద కూర కలుపుతుంటే కండ్లు తిరిగి గోడ పట్టుకొని కూసున్న, గంటె చేతులనే ఉంది. 108ల తీస్కపోయిన్రు. ట్యూబుల ప్రెగ్నెన్సీ, పగిలింది, ఆపరేషన్ చేసిన్రు. లోపల రక్తం కారితే భుజంల కూడా నొస్తదని డాక్టరమ్మ చెప్పేదాక నాకు తెల్వది. ఒక్కదిక్కే నొప్పి, భుజం నొప్పి, కండ్లు తిరుగుడు, గంటకో ప్యాడ్ తడుసుడు, వీటిల ఏ ఒక్కటున్నా తెల్లారేదాక చూడకు. కోఠి, పేట్లబుర్జు ప్రసూతి దవాఖాన్లు ఉన్నయి, గాంధీ ఉంది, అర్ధరాత్రయినా పో. షాపుల అబార్షన్ గోలీలు మాత్రం డాక్టర్‌కు చూపియ్యకుండ ఎవ్వరూ మింగొద్దు, ట్యూబుల ఉన్నదానికి అవి పనిచెయ్యవు. నాకు తర్వాత పాప పుట్టింది, ఇప్పుడు మూడేండ్లు.

మియాపూర్ అమ్మాయి:
అక్కా మీ మెసేజ్ చదివి ఏడుపొచ్చింది. పొద్దున ఐదున్నరకే లేచి చేశా, రెండో గీత ఎంత లేతగా ఉందంటే బాల్కనీలోకి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుంటే గానీ నమ్మలేదు. డాక్టర్ బీటా రాశారు, 212 వచ్చింది, 48 గంటల తర్వాత మళ్ళీ చేస్తే 451. పెరగడం బాగుంది అన్నారు, కానీ స్కాన్‌లో గర్భసంచిలోనే ఉందని చూసేదాకా నొప్పి వస్తే వెంటనే రమ్మన్నారు. ఇప్పుడే స్కాన్ చేసినా ఏం కనపడదట, ఆరు వారాలు దాటాక రమ్మన్నారు. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టా. మరక నిన్నటి నుంచి లేదు.

ల్యాబ్ అక్క:
చాలా సంతోషం రా. బ్లడ్ గ్రూప్ ఏంటి? నెగటివ్ అయితే స్పాటింగ్ అయిందని డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ డి ఇంజెక్షన్ అవసరమా కాదా అని వాళ్ళు చూస్తారు.

మియాపూర్ అమ్మాయి:
ఓ నెగటివ్ అక్కా. నాకు తట్టనే లేదు. ఇప్పుడే ఫోన్ చేస్తా.