కువైట్ సైనిక క్యాంపులో గోదాము పని: పలాస తమ్ముడి ప్రశ్న, మనవాళ్ల జవాబులు

పలాస నుంచి ప్రశ్న:

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. మాది పలాస పక్కన పల్లె. పదో తరగతి తప్పాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో సరుకు లెక్క చూస్తున్నాను. కువైట్‌లోని అరిఫ్‌జాన్ క్యాంపు గోదాములో పని ఉందని, అది అమెరికా సైన్యం ఉద్యోగమని ఒక ఏజెంటు చెబుతున్నాడు. లక్షా ఎనభై వేలు కట్టమంటున్నాడు. నాన్న రెండెకరాల జీడితోట తాకట్టు పెడతానంటున్నారు. అక్కడ పని ఎలా ఉంటుంది? యుద్ధం వస్తే మా పరిస్థితి ఏమిటి?

టెక్కలి, ప్రస్తుతం ఫాహహీల్:

తమ్ముడూ, తోట జోలికి వెళ్లవద్దని ముందు మీ నాన్నగారికి చెప్పు. మిగిలింది తర్వాత మాట్లాడుకుందాం.

అమెరికా సైన్యం ఉద్యోగమన్న మాట ఏజెంట్లు అందరికీ చెప్పేదే. క్యాంపు వాళ్లదే, కానీ నీకు జీతమిచ్చేది ఒక ప్రైవేటు కంపెనీ. సైన్యం పనిని ఒక పెద్ద కాంట్రాక్టరుకు అప్పగిస్తుంది. అతను ఇంకొకరికి ఇస్తాడు, ఆ ఇంకొకరు మనుషులను సరఫరా చేసే మూడో వాడిని పట్టుకుంటారు. మనవాళ్లు ఎక్కువగా ఆ మూడో వాడి కిందే ఉంటారు. కాబట్టి జీతం సంగతి అడిగే ముందు అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) ఏ కంపెనీ పేరు మీద కొడతారో, వీసా ఏ నంబరుదో అడుగు. కంపెనీ పనికి 18వ నంబరు వీసా ఉండాలి. 20వ నంబరు ఇంటిపనివాళ్లది. దాని మీద వచ్చి గోదాములో పనిచేస్తే పట్టుబడ్డ రోజే కథ ముగుస్తుంది.

ఇక డబ్బు సంగతి. మన దేశ నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులకైతే ఇంకా గట్టి నిబంధన ఉంది. కార్మికుడి దగ్గర నియామకం పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. 2012లో ఒబామా ఇచ్చిన ఉత్తర్వు, 2015లో అమలుకు వచ్చిన నిబంధనలు సబ్ కాంట్రాక్టర్లకూ వర్తిస్తాయి. పాస్‌పోర్టు లాక్కోవడం, ఒక జీతం చెప్పి ఇంకో జీతం ఇవ్వడం కూడా వాటి కింద నిషిద్ధమే. బయటి దేశం నుంచి తెచ్చిన మనిషికి పని అయిపోయాక తిరుగు ప్రయాణం ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. ఇవన్నీ ఏజెంటుకు తెలియవని అనుకోను. నీకు తెలుసని అతనికి తెలియాలి, అంతే.

పదో తరగతి పాస్ కాలేదంటున్నావు కాబట్టి నీ పాస్‌పోర్టు ఈసీఆర్ అయి ఉంటుంది, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రొటెక్టర్ (వలస కార్మికుల సంగతి చూసే అధికారి) అనుమతి రాకుండా కువైట్ విమానం ఎక్కవద్దు. ‘ముందు విజిట్ వీసా మీద రా, అక్కడ మార్పిస్తాం’ అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపెయ్యి. ఆ అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినవారి కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం నకలు ఒకటి ఇంట్లో ఉంచు.

పని విషయానికొస్తే, అరిఫ్‌జాన్ కువైట్ నగరానికి దక్షిణంగా ఎడారిలో ఉంది, షుఐబా రేవు దగ్గర్లోనే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది, 1991 ఫిబ్రవరిలో విముక్తి కలిగింది, అదే ఏడాది అమెరికాతో రక్షణ ఒప్పందం కుదిరింది. మొదట క్యాంప్ దోహా ఉండేది (ఖతార్ దోహాతో సంబంధం లేదు). దాని పని తర్వాత అరిఫ్‌జాన్‌కు వచ్చింది. ట్యాంకులు, లారీలు, విడిభాగాలు ఇక్కడ ముందే సిద్ధంగా పెట్టి ఉంచుతారు. అవసరం పడితే సైనికులు విమానంలో దిగి ఆ బండ్లు ఎక్కి వెళ్లిపోతారు. ఓడల్లో వచ్చిన సరుకు ఇక్కడినుంచే చుట్టుపక్కల దేశాల్లోని స్థావరాలకు కదులుతుంది. అందుకే ఇక్కడ మనలాంటి వాళ్లకు ఇంత పని. గోదాము, లారీలు, వంట, లాండ్రీ, కరెంటు పనులు.

గోదాములో నీ అన్నం పెట్టేది పెట్టె మీది చీటీ. దాని మీద 13 అంకెలుంటాయి, నాలుగు, రెండు, మూడు, నాలుగుగా విడగొట్టి. మొదటి నాలుగు అంకెలు అది ఏ తరగతి సరుకో చెబుతాయి. 2610 అని ఉంటే టైర్లు, 8970 అయితే సైనికుల భోజన పొట్లాలు. ఒక అంకె తప్పు కొడితే ఎక్కడో ఉన్న యూనిట్‌కు బ్రేకుల బదులు బెల్టులు పోతాయి. మీ ఫ్యాక్టరీలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 రకాల పప్పు డబ్బాలు కలవకుండా చూసే కన్ను నీకు ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు కానీ అంకెలు బిగ్గరగా చదివి అప్పజెప్పడం అలవాటు చేసుకో.

యుద్ధం గురించి అడిగావు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదీద్ అనే అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. అలాంటివి జరగవని నేను మాటివ్వను. తెలుసుకోవలసింది ఒకటుంది. 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ ప్రకారం అమెరికా స్థావరాల్లో కాంట్రాక్టు పనివాళ్లకు బీమా ఉండి తీరాలి. ఏ దేశం వాడైనా, ఎన్నో మెట్టు కంపెనీ మనిషైనా సరే. దెబ్బ తగిలితే 30 రోజుల లోపు రాతపూర్వకంగా తెలియజేసి, నకలు దగ్గర పెట్టుకోవాలి. సూపర్‌వైజరుకు నోటితో చెబితే చెప్పినట్టు కాదు.

బొబ్బిలి, ప్రస్తుతం మహబూలా:

అన్నగారు కాగితాల గురించి అంతా చెప్పారు. నేను వంటశాల వైపు వాడిని, నాకు తెలిసినవి రెండు మాటలు. క్యాంపు బ్యాడ్జి పోతే ఉద్యోగం పోయినట్టే. గేటు, బండ్లు, రేవు, ఏదీ ఫోటో తీయకు. ఊరివాళ్లకు చూపించాలని వాట్సాప్ స్టేటస్ పెట్టిన వాళ్లు మర్నాడే బయటికి పోయారు. మిగిలిపోయిన సబ్బు బిళ్లో, భోజన పొట్లమో సంచిలో వేసుకున్నా అది దొంగతనమే, ఎవరి జాలీ పనికిరాదు.

కానీ ఒకచోట అన్నగారితో నేను ఏకీభవించను. చట్టం కాగితం మీద బలంగానే ఉంటుంది, ఫిర్యాదు చేసిన వాడికి మాత్రం కొన్నాళ్లు మనసు స్థిమితంగా ఉండదు. ఒంటరిగా వెళ్లవద్దు. క్యాంపులో ఫిర్యాదుల నంబరు ఉన్న పోస్టర్లు అంటించి ఉంటాయి. మన రాయబార కార్యాలయంలో కార్మికుల విభాగం ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కువైట్ చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఆపైన చేసిన గంటకు 25 శాతం ఎక్కువ రావాలి. గంటలు నువ్వే ఒక పుస్తకంలో రాసుకో.

కవిటి, ప్రస్తుతం సాల్మియా, నర్సు:

బాబూ, మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానమే కాబట్టి చెబుతున్నాను. బయలుదేరే ముందు మెడికల్ వాళ్లు అడిగినా అడగకపోయినా సీరం క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకో. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా. ఇక్కడి ఎండ వేరు. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు 11 నుంచి 4 దాకా బయటి పని చేయించకూడదన్న నిబంధన ఉంది, అది అడుగు. దాహం వేయకముందే నీళ్లు తాగు. నడుం నొప్పి అని నొప్పి మాత్రలు రోజూ మింగవద్దు, అవి కిడ్నీని తినేస్తాయి. ఊరినుంచి మందులు తెచ్చుకుంటే డాక్టరు చీటీ ఉండాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర అసలు తేకు. పచ్చళ్ల సంచిలో అమ్మ గసగసాలు పెడితే తీయించు, గల్ఫ్‌లో చాలాచోట్ల వాటికి నిషేధం.

గది ఎక్కడ ఇస్తారో వచ్చీ రాగానే చూసుకో. 2024 జూన్ 12న ఇక్కడి మంగాఫ్‌లో పనివాళ్లు ఉండే భవనంలో మంటలు వచ్చి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన సోంపేట మండలం మనిషీ ఉన్నారు. మెట్లు ఎటు, పైకప్పు తలుపు తాళం వేసి ఉందా, ఆ రాత్రే చూడు. తాళం వేసి ఉంటే మొదటి ఫిర్యాదు అదే.

పలాస:

అక్కయ్యా, అన్నయ్యలూ, కృతజ్ఞతలు. ఏజెంటును కంపెనీ పేరు అడిగాను. ‘డబ్బు కట్టాక చెబుతా’ అన్నాడు.

టెక్కలి:

అయితే అతనికి కంపెనీయే లేదేమో. ఈమైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది, అందులో అతని పేరు వెతుకు. ఎక్కడినుంచైనా ఒప్పంద పత్రం వస్తే ఇక్కడ అందరికీ పెట్టవద్దు, అందులో నీ పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. నాకు విడిగా పంపు, సాయంత్రం డ్యూటీ దిగాక చదివి చెబుతాను.