స్కీ బేస్ షీట్ అంచు నీట్‌గా కోయడం ఎలా?
సొంతంగా స్కీలు, స్నోబోర్డులు తయారుచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. బేస్‌కి (మంచు మీద జారే అడుగు పొరకి) 1.2 మి.మీ. మందం సింటర్డ్ (పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిపరిచిన) పాలిథిలీన్ షీట్ తీసుకున్నాను. టెంప్లేట్ వెంబడి బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్‌తో (టెంప్లేట్ అంచుకి సమంగా కోసే బిట్) రౌటర్ (బిట్‌ని వేగంగా తిప్పి కోసే మెషిన్) నడుపుతుంటే అంచు సరిగ్గా తెగకుండా కొంచెం కరిగి పీచులు పీచులుగా లేస్తోంది. తిన్నగా ఉన్నచోట పదునైన కత్తితో రెండు మూడు సార్లు గీసి కోస్తే బాగానే వస్తోంది కానీ ముందు వంపు దగ్గర కత్తి పక్కకి జారిపోతోంది. స్టీల్ ఎడ్జ్ (స్కీ అంచున ఉండే సన్నని ఉక్కు పట్టీ) ఈ అంచుకే ఆనుకుని కూర్చోవాలి కదా, సందు ఉంటే పొరలన్నీ అతికించే ప్రెస్‌లో ఎపాక్సీ జిగురు అందులోకి చేరిపోతుంది, అందుకే ఈ టెన్షన్. ఎడ్జ్ వెడల్పు మేరకు టెంప్లేట్‌ని ముందే లోపలికి తగ్గించాను, కొలతల్లో తేడా లేదు.

షీట్ కదలకుండా పట్టి ఉంచడం ఇంకో తలనొప్పి. నున్నటి వైపు డబుల్ సైడ్ టేపు నిలవదు, ఎపాక్సీ పట్టాల్సిన గరుకు వైపు వేస్తే టేపు జిగురు మిగిలి అతుకు బలహీనపడుతుందేమో అని భయం.

రౌటర్ స్పీడ్ తగ్గించి సింగిల్ ఫ్లూట్ (ఒకే కోత అంచు ఉన్న) బిట్ వేస్తే కరగడం ఆగుతుందా? లేక షీట్‌ని రెండు ప్లైవుడ్ పలకల మధ్య బిగించి కోయడమే మంచిదా? స్వయంగా చేసి చూసినవాళ్లు చెప్తే చాలా మేలు.