షూగేజ్‌ని ‘నేలచూపు’ అనొచ్చా?

పెద్దలందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం పట్టండి.

వచ్చే ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో పదిమందిమి కూర్చుని, స్లోడైవ్ అనే ఇంగ్లండు బ్యాండు 2017లో తెచ్చిన ఆల్బమ్‌ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినబోతున్నాం. పిలుపు నేనే రాస్తానన్నాను, అదీ తెలుగులో. రెండో వాక్యంలోనే చిక్కు వచ్చింది. వాళ్ళు వాయించే తరహా గిటారు సంగీతాన్ని ‘షూగేజ్’ అంటారు, దాన్ని తెలుగులో ఏమనాలి?

పేరు పుట్టుక చెబితే మీకు సులువవుతుంది. 1990 ప్రాంతంలో బ్రిటన్ సంగీత పత్రికలవాళ్ళు వెక్కిరింపుగా అన్న మాట అది. గిటారు వాయించేవాళ్ళ కాళ్ళ దగ్గర ఫజ్, డిలే, రివర్బ్ అంటూ గిటారు శబ్దాన్ని మార్చే పెడల్స్ వరసగా ఉంటాయి. ఏది ఎప్పుడు తొక్కాలో చూసుకోవాలి కనక జనం వైపు చూడరు, తల వంచుకునే ఉంటారు. వీళ్ళు బూట్లు చూసుకుంటున్నారర్రా అని పత్రికలు నవ్వాయి. ఆ పేరే ఖాయమైపోయింది.

నాకు తట్టిన మాట ‘నేలచూపు’. తట్టిందని గొప్పగా అంటున్నాను గానీ, నిజానికి అది మా నాయనమ్మ ఇచ్చింది. నేనూ కాస్త వాయిస్తాను. ప్లైవుడ్ చెక్క మీద మూడు పెడల్స్ బిగించుకున్నాను. ఇంట్లో బూట్లెక్కడివి, ఉత్తి కాలి బొటనవేలితోనే నొక్కుతాను. ఒకరోజు ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, “ఏట్రా ఆ నేలసూపులు, ఏటి తప్పు సేసినావు?” అంది. అప్పటినుంచి ఆ మాట నన్ను వదల్లేదు. బూట్లు పోయాయి, నేల మిగిలింది. సరిపోతుందా?

జవాబు (భీమిలి, తెలుగు మాస్టారు):

బాబూ, మాట బాగుంది. కాకపోతే వాడుక ఒకసారి చూసుకో. ఓరచూపు, దొంగచూపు, కొరకొర చూపు ఒక్కటిగా కూడా నిలబడతాయి. ‘నేలచూపులు’ మాత్రం దాదాపు ఎప్పుడూ బహువచనమే, వెనకాల ‘చూడటం’ క్రియ ఉండి తీరాలి. పక్కచూపులు చూడటం, బిత్తరచూపులు చూడటం, ఈ వరసలోది. అర్థంలో తప్పు చేసినవాడు ఉన్నాడు, సిగ్గుపడేవాడు ఉన్నాడు, జవాబు తెలియని పిల్లాడు ఉన్నాడు. ఈమధ్య పేపర్లలో షేర్లూ బంగారం ధరా కూడా నేలచూపులు చూస్తున్నాయి. నీ పిలుపు చదివినవాడు ఆ బ్యాండు దెబ్బతిందని అనుకుంటే?

నేను:

మాస్టారూ, అనుకున్నా పరవాలేదు, ఎందుకంటే నిజంగా దెబ్బతింది. 1989లో రెడింగ్ ఊళ్ళో మొదలయ్యారు. 1993లో రెండో ఆల్బమ్ ‘సువ్లాకి’ వస్తే పత్రికలు చీల్చి చెండాడాయి. 1995లో మూడోది వచ్చిన కొద్దిరోజులకే వాళ్ళ రికార్డు కంపెనీ క్రియేషన్ రికార్డ్స్ వదిలించుకుంది. బ్యాండు చెదిరిపోయింది. అందులో పాడే నీల్ హాల్‌స్టెడ్, రేచెల్ గోస్వెల్ మొజావే 3 అనే వేరే బ్యాండుతో వేరే దారి పట్టారు. ఈలోగా ‘సువ్లాకి’ని కొత్త తరం వెతుక్కుని మరీ వింది. 2014లో మళ్ళీ ఒక్కటై బార్సిలోనాలో ప్రీమావేరా సంగీతోత్సవం వేదిక ఎక్కారు. 2017 మే 5న కొత్త ఆల్బమ్. మధ్యలో 22 ఏళ్ళు. దానికి వేరే పేరు కూడా పెట్టలేదు, బ్యాండు పేరే ఆల్బమ్ పేరు.

అందుకే వెక్కిరింపు లేని మాట నాకొద్దు. షూగేజ్‌లో ఆ చిన్నచూపు ఉంది. దాన్ని మోసుకుంటూనే వాళ్ళు తిరిగొచ్చారు. ‘పాదదర్శన సంగీతం’ లాంటిది ఏదైనా పెడితే గౌరవంగా ఉంటుందేమో గానీ అబద్ధమవుతుంది.

జవాబు (గాజువాక, ఫిజిక్స్ టీచరు):

తమ్ముడూ, పేరు గొడవ మీరు తేల్చుకోండి. నాది శబ్దం సంగతి. రివర్బ్‌ని దయచేసి ‘ప్రతిధ్వని’ అని రాయకు. విన్న శబ్దం సుమారు పదో వంతు సెకను దాటాక విడిగా మళ్ళీ వినబడితే ప్రతిధ్వని. ఇంకా ముందే, ఒకదాని మీద ఒకటి పడి, తెగకుండా సాగితే ప్రతినాదం. ఈ సంగీతానికి కావలసింది ఆ రెండోదే. ఖాళీ కల్యాణమండపంలో చప్పట్లు కొట్టి చూడు, తెలుస్తుంది.

నేను:

అక్కా, ఇది నిజంగా పనికొచ్చింది. రాసి ఉంచిన పిలుపులో ‘ప్రతిధ్వని’ కొట్టేశాను. ‘ప్రతినాదం’ పెడదామంటే పాఠ్యపుస్తకం వాసన. నా చెవికి మాత్రం మొదటి పాట ‘స్లోమో’ మొదలవగానే వినబడేది హోరు. జాలరిపేట వైపు రాత్రిపూట నడిచినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏ కెరటం ఎక్కడ విరిగిందో విడిగా తెలియదు, మొత్తం ఒకే హోరు. అందులో పక్కన నడిచేవాళ్ళ మాట సగమే చెవిన పడుతుంది. ఈ పాటల్లో గొంతుల్ని అలాగే కలుపుతారు, గిటార్ల పైన కాదు, గిటార్ల లోపల. సాహిత్యం అర్థం కాలేదని బాధపడొద్దని మావాళ్ళకి ముందే చెప్పాలి. చివరి పాట మాత్రం వేరు. హోరంతా తీసేసి దాదాపు ఎనిమిది నిమిషాలు ఒకే పియానో వరస తిరుగుతూ ఉంటుంది. ఆటు వచ్చాక తడి ఇసుక మీద నిలబడినట్టుంటుంది నాకు.

జవాబు (భీమిలి, తెలుగు మాస్టారు):

హోరు ఒప్పుకున్నాను. నేలచూపూ ఒప్పుకుంటున్నాను, ఏకవచనంలోనే రాయి, కొత్త వస్తువుకి కొత్త వాడుక. ఇంతకీ ‘కమ్‌బ్యాక్’ని ఏం చేశావు?

నేను:

‘రీఎంట్రీ’ అని రాసి కొట్టేశాను మాస్టారూ. అది సినిమావాళ్ళ మాట, ఒక్కరికి చెల్లుతుంది. ఇక్కడ ‘సువ్లాకి’ నాటి ఐదుగురూ తిరిగొచ్చారు. ‘పునరాగమనం’ రాద్దామంటే మరీ బరువనిపించి ఆగాను.

జవాబు (భీమిలి, తెలుగు మాస్టారు):

బరువేమీ కాదు. ఏటా వినాయకుడికి ఉద్వాసన చెప్పేటప్పుడు ‘పునరాగమనాయ చ’ అంటాం కదా. అది వచ్చినప్పుడు అనే మాట కాదు, పంపేటప్పుడు అనేది. ఆ తరవాతే కదా ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దింపేది. నిమజ్జనం అంటే మునగడమే. నీ బ్యాండు పేరులోనూ మునక ఉంది, నెమ్మదిగా మునగడం.

నేను:

మాస్టారూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పిలుపు ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి:

‘నేలచూపు సంగీతంలో ఒక పునరాగమనం. ఆదివారం సాయంత్రం ఆరింటికి, మా మేడ మీద. హోరు గట్టిగానే ఉంటుంది, చిన్నపిల్లల్ని స్పీకర్లకి దూరంగా కూర్చోబెట్టండి.’

నాయనమ్మకి చదివి వినిపించాను. నేలచూపు దగ్గర ఆపి, “నానన్నదే రాసినావేటి?” అని అడిగింది.